పదహారేళ్ళు పట్టిన పట్టా

ఏప్రిల్ నెల వచ్చిందంటే ఉద్దానం ఇళ్ళల్లో రెండు విషయాల మీద మాటలు సాగుతాయి. ఒకటి జీడిపంట, రెండోది పరీక్షా ఫలితాలు. ఈ ఏడు పిక్క దిగుబడి తగ్గితే రైతు నిట్టూర్చి, వచ్చే ఏటి పూతకోసం ఎదురుచూస్తాడు. కాని ఇంటర్‌లో బిడ్డ ఒక పేపరు తప్పితే ఆ ఓర్పు కనిపించదు. “వీడికి చదువు అచ్చిరాలేదు” అని ఆ సాయంత్రానికే తీర్పు వెలువడుతుంది. అబ్బాయిని పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనికి పెట్టాలనో, గల్ఫ్‌కు పంపాలనో ఆలోచన మొదలవుతుంది. అమ్మాయి అయితే నికాహ్ సంబంధాల కబుర్లు వస్తాయి.

కొన్ని ఇళ్ళల్లో ఫలితాలదాకా కూడా ఆగనక్కర లేదు. మూత్రపిండాల వ్యాధి ఈ తీరాన్ని ఎన్నో ఏళ్ళుగా పీడిస్తోంది. ఇంటి పెద్ద డయాలసిస్ మంచం ఎక్కిన రోజునే ఆ ఇంటి పెద్దకొడుకు చదువు ఆగిపోతుంది. ఆ పిల్లవాణ్ణి బడి మానమని ఎవరూ చెప్పరు. పరిస్థితి అర్థమై తనే మానేస్తాడు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఈ తల్లిదండ్రులలో కొందరు నన్ను అడుగుతుంటారు. “మాస్టారూ, ఒకసారి తెగిన చదువు మళ్ళీ అతుక్కుంటుందా?” ఈ నెల ఈ శీర్షికలో ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం. జవాబు కోసం దూరం పోనవసరం లేదు. మన జిల్లాలోనే పుట్టి, మన పక్క ఊళ్ళో పాఠాలు చెప్పిన ఒక మహోపాధ్యాయుని జీవితం మన ముందుంది.

తండ్రి పోయిన పన్నెండేళ్ళ పిల్లవాడు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పేరు తెలియని తెలుగువారుండరు. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటం పాఠ్యపుస్తకాల్లో ఉంది. కాని ఆయన ఉపాధ్యాయుడైన తీరు గురించి చెప్పుకునేవారు తక్కువ.

ఆయన 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. 1875లో తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే ఆయన జ్వరంతో మరణించారు. అప్పటికి పిల్లవాడి వయసు పన్నెండేళ్ళు. బంధువుల అండతో విజయనగరం చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహపాఠి. 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కింది.

ఆ తరువాత కాలేజీకి వెళ్ళాల్సిన యువకుడు సంసార భారం వల్ల 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. చరిత్ర బోధించే పని. టెక్కలి మీదుగా పర్లాకిమిడికి నేడు మనం ఎక్కే రైలుమార్గం అప్పటికి లేదు. నౌపడ నుండి ఆ ఊరికి చిన్న రైలు నడవడం 1900లో గాని మొదలు కాలేదు.

పగలంతా పాఠాలు చెప్పి, రాత్రులు తన చదువు తాను చదువుకుంటూ పోయారాయన. ప్రైవేటుగా పరీక్షలకు కట్టి 1886లో ఎఫ్.ఏ. పూర్తి చేశారు. తర్వాత పదేళ్ళకు, 1896లో, బి.ఏ. పట్టా అందుకున్నారు. ఉద్యోగంలో చేరిన నాటి నుండి లెక్కిస్తే పట్టాకు పదహారేళ్ళు పట్టింది. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు. నేటి లెక్కలో అది “ఇక చదువేమిటి?” అనే వయసు. అయినా ఆ బి.ఏ.లో ఆయన ఉత్తీర్ణులయ్యారు.

ఏ పరీక్షలోనూ లేని పాఠం

ఈ పదహారేళ్ళు కేవలం పట్టా కోసం ఎదురుచూసిన కాలం అయి ఉంటే, ఈ కథ ఓర్పు గురించిన కథగానే మిగిలేది. అసలు విషయం మరొకటి ఉంది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. మెళియాపుట్టి, మందస, సీతంపేట ప్రాంతాల్లోనూ వారి ఊళ్ళున్నాయి. ఆ రోజుల్లో వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. కొండ దిగి సంతకు వచ్చిన సవర మాట మైదానపు వారికి అర్థమయ్యేది కాదు. అర్థం కాని మాట మాట్లాడేవాణ్ణి మోసగించడం తేలిక. ఈ అన్యాయాన్ని చూసిన పంతులు గారు, ముందు వారి భాష తాను నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట పెట్టుకొని మాట మాటా రాసుకున్నారు. కొండల్లో తిరిగారు. సవర భాషలో వాచకాలు సిద్ధం చేసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు.

ఆ కొండల్లో మలేరియా ఆయనను పట్టుకుంది. అందుకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. ఎవరూ పట్టించుకోని ఒక జాతి మాటను చెవియొగ్గి విన్న మనిషి, ఆ వినడంలోనే తన చెవులను కోల్పోయారు. అయినా పని ఆపలేదు. 1911లో ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించుకున్న తరువాత కూడా శ్రమించి, 1931లో సవర భాషా వ్యాకరణాన్నీ, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువునూ వెలువరించారు. 1940లో కన్నుమూశారు.

సవర భాష ఏ పరీక్షకూ పాఠ్యాంశం కాదు. దానికి మార్కులు లేవు, జీతం పెరగదు. సరాసరి కాలేజీకి వెళ్ళి, ఇరవై ఏళ్ళకే పట్టా పొంది, ఏ పట్నంలోనో ఉద్యోగం సంపాదించి ఉంటే పంతులు గారికి ఆ కొండల దారి తెలిసేదేనా? తండ్రి మరణం, ఆగిన చదువు, చిన్న ఊళ్ళో చిన్న ఉద్యోగం: లోకం దృష్టిలో ఇవన్నీ ఆటంకాలు. ఆ ఆటంకాలే ఆయనను తన అసలు పని ఉన్న చోటికి నడిపించాయి.

చేప జారిపోయిన చోటు

ఇలాంటి ప్రయాణం ఒకటి దివ్యఖుర్ఆన్‌లో, కహఫ్ సూరాలో ఉంది. శుక్రవారాల్లో ఆ సూరాను పారాయణం చేసే మనకు అది సుపరిచితం. హజ్రత్ మూసా (అలై) ఒక జాతికే బోధకులు. అంతటి ప్రవక్త, తనకు లేని జ్ఞానం మరొక దైవదాసుని వద్ద ఉన్నదని తెలిసి విద్యార్థిగా బయలుదేరారు. వెంట ఒక యువకుడు, ఆహారానికి ఒక చేప. రెండు సముద్రాల సంగమ స్థలాన్ని వారు దాటిపోయారు. ఆకలివేసి భోజనం అడిగినప్పుడు, వెనుక ఒక బండ దగ్గర చేప సముద్రంలోకి జారిపోయిన సంగతి ఆ యువకునికి గుర్తుకొచ్చింది. అప్పుడు మూసా (అలై) విసుక్కోలేదు. తాము వెతుకుతున్న చోటు అదేనని చెప్పి, తమ అడుగుజాడలనే చూసుకుంటూ ఇద్దరూ వెనక్కి నడిచారు. గురువు అక్కడే కలిశారు.

ఇందులోని విషయాన్ని కాస్త నిదానించి చూడండి. విద్య కోసం బయలుదేరిన ప్రవక్త కూడా గమ్యాన్ని దాటిపోయి, మళ్ళీ వెనక్కి నడవవలసి వచ్చింది. పొరపాటు జరిగిన చోటే గమ్యం అయింది. మన బిడ్డ ఒక ఏడాది వెనక్కి నడిస్తే అది సిగ్గుపడవలసిన విషయమని మనకు ఎవరు చెప్పారు?

ఇల్మ్‌కు వయసు అడ్డు కాదనడానికి మన చరిత్రలో నిదర్శనాలు కోకొల్లలు. దైవప్రవక్త (స) సహచరులు పెద్ద వయసులోనే విద్య నేర్చారని ఇమాం బుఖారీ తన గ్రంథంలోని ఇల్మ్ ప్రకరణంలో ప్రత్యేకంగా గుర్తుచేశారు. షాఫయీ ధర్మశాస్త్ర పండితులలో అబూబక్ర్ అల్ ఖఫ్ఫాల్ అల్ మర్వజీ అనే మహనీయుడున్నారు. ‘ఖఫ్ఫాల్’ అంటే తాళాలు చేసేవాడు. ఆయన వృత్తి అదే. ముప్పై ఏళ్ళ ప్రాయంలో గాని చదువు వైపు మళ్ళలేదు. హిజ్రీ 417లో మరణించేనాటికి ఖురాసాన్ ప్రాంతపు పండితులకు ఆయన గురువు. పండితుడైన తర్వాత కూడా ఆయన పేరు నుండి ఆ పాత వృత్తి చెరిగిపోలేదు. పలాసలో జీడిపిక్కల పనిచేసి చేతులు నల్లబడ్డ యువకుడు ఈ పేరును గుర్తుంచుకోవాలి.

విద్యార్థి భాష వద్దకు గురువు నడచి వెళ్ళడం కూడా మనకు కొత్త కాదు. యూదులతో ఉత్తర ప్రత్యుత్తరాల కోసం వారి లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించగా, ఆయన సుమారు పదిహేను రోజుల్లో నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇక స్త్రీల విషయానికి వస్తే, షిఫా బిన్త్ అబ్దుల్లా (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాత నేర్పారు. దైవప్రవక్త (స) ఇంటికే ఒక మహిళ ఉపాధ్యాయురాలు. కాబట్టి ఆడపిల్ల చదివి పాఠాలు చెబితే తప్పేమిటని ఎవరైనా సంకోచిస్తే, ఆ సంకోచానికి జవాబు మన ఇంట్లోనే ఉంది.

నేను నవ్విన రోజు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తీరప్రాంతపు బడిలో ఒకటో తరగతికి బొమ్మలు చూపిస్తూ పాఠం చెబుతున్నాను. అబ్బాయి బొమ్మ చూపి ఇదేమిటని అడిగాను. వెనుక వరుసలో ఒక చిన్నవాడు ఉత్సాహంగా లేచి “గుంటడు” అన్నాడు. పుస్తకంలో ఉన్నది ‘బాలుడు’. తరగతి గొల్లుమన్నది. వారితో పాటు నేనూ నవ్వాను.

ఆ పిల్లవాడు చెప్పింది తప్పు కాదు. మన జిల్లాలో ప్రతి తల్లీ తన బిడ్డను పిలుచుకునే మాట అది. కాని ఆ తర్వాత చాలా రోజులు వాడు తరగతిలో నోరు విప్పలేదు. శిక్షణ కాలేజీలో నేను మనస్తత్వ శాస్త్రం చదివాను, పరీక్షలో మంచి మార్కులూ వచ్చాయి. వాడి ముఖం చూసే వరకు ఆ శాస్త్రం నాకు అర్థం కాలేదు. అందులో మరింత సిగ్గుపడవలసిన విషయం ఉంది. నేను కూడా చిన్నప్పుడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు నేర్చుకుంటూ పెరిగినవాణ్ణే. బడిలో పొరపాటున ఇంటి మాట దొర్లితే పక్కవారు నవ్విన నవ్వు నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.

తర్వాత వాడి దగ్గర కూర్చొని, “గుంటడు అన్నా సరే, బాలుడు అన్నా సరే, రెండూ మన మాటలే” అని చెప్పాను. వాడు మళ్ళీ మాట్లాడడానికి చాలా కాలం పట్టింది. గిడుగు వారి సవర కృషి గురించి శ్రద్ధగా చదివింది ఆ సంఘటన తర్వాతే. అల్లాహ్ తనను కఠినంగా ప్రవర్తించేవానిగా కాక, బోధకునిగా, సులభతరం చేసేవానిగా పంపాడని దైవప్రవక్త (స) తెలియజేసిన విషయం సహీహ్ ముస్లింలో ఉంది. ఆ హదీసును ఎన్నోసార్లు విన్నాను. దాని బరువు ఆ పిల్లవాడి మౌనం ముందే తెలిసింది.

చదువులో తానే తడబడినవాడికి తడబడే పిల్లవాడు కనిపిస్తాడు. పడినవాడికి ఎక్కడ జారుతుందో తెలుస్తుంది. అందుకే ఆగి, తప్పి, తిరిగి లేచిన యువతీ యువకులు బోధనా రంగానికి పనికిరారనడం పొరపాటు. వారిలోంచే మంచి ఉపాధ్యాయులు రావచ్చు. అయితే తమ తడబాటును మరచిపోకూడదు. నేను మరచిపోయాను గనుకనే ఆ రోజు నవ్వాను.

దారి ఎలా ఉంది?

ఈ మాటలు విని ఉత్సాహపడే వారికి ఆచరణలో దారి ఎలా ఉందో కూడా చెప్పాలి.

ఇంటర్‌లో ఒకటి రెండు పేపర్లు పోయినవారికి వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్షలుంటాయి. ఫీజు గడువు దాటనీయకండి. పది మధ్యలో ఆగినవారు సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి, ఇంటర్ పూర్తి చేయవచ్చు. పనికి వెళుతూనే చదువుకునే వీలు అందులో ఉంది. ప్రాథమిక పాఠశాలలో బోధించాలంటే ఇంటర్ తరువాత ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ళ డి.ఎల్.ఎడ్. చేయాలి. మన జిల్లా శిక్షణా సంస్థ వమరవల్లిలో ఉంది. ఉన్నత పాఠశాల బోధనకు డిగ్రీ, బి.ఎడ్. అవసరం. ఆపై ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అనగా టెట్. మన రాష్ట్రంలో ఇది 2011 నుండి జరుగుతోంది. చివరి మెట్టు డి.ఎస్.సి. అది ఏటా రాదు. 2025లో 16,347 పోస్టులకు మెగా డి.ఎస్.సి. జరిగింది. అంతకు ముందు అభ్యర్థులు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. కనుక నోటిఫికేషన్ వచ్చాక పుస్తకం తెరుద్దామనుకుంటే వెనుకబడతాం. ఎదురుచూసే కాలంలో ఏదైనా బడిలో బోధిస్తూ, మస్జిద్‌లో సాయంత్రం పిల్లలకు పాఠాలు చెబుతూ ఉంటే ఆ అనుభవం వృథా కాదు.

ఒక హెచ్చరిక కూడా. పోస్టు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులు ఈ దారి పొడవునా ఉంటారు. లంచం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ శాపగ్రస్తమైన పనులని మన ధర్మం చెబుతోంది. హరామ్ తలుపు గుండా తరగతిలో ప్రవేశించినవాడు పిల్లలకు నిజాయితీ ఎలా నేర్పగలడు?

జమాఅత్ పెద్దలకూ ఒక మనవి. మన జిల్లాలో ముస్లిం కుటుంబాలు అతి కొద్ది. ఏ ఊళ్ళో ఏ ఇంటి పెద్ద మంచాన పడ్డాడో, ఏ బిడ్డ చదువు ఆగిందో జుమా నమాజు తరువాత పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది. జకాత్‌కు అర్హులైన ఆ కుటుంబాల బిడ్డలకు పరీక్ష ఫీజు, బస్సు పాసు, పుస్తకాలు సమకూర్చడం పెద్ద భారం కాదు. మనిషి మరణించాక కూడా ఆగని పుణ్యాలలో ప్రయోజనకరమైన విద్య ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఒక ఉపాధ్యాయుణ్ణి నిలబెడితే, ఆయన చెప్పే ప్రతి అక్షరంలోనూ మనకు వాటా ఉంటుంది, ఇన్షా అల్లాహ్.

చెట్టుకు ఇచ్చిన గడువు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరాన్ని తాకింది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో తాతల నాటి కొబ్బరి చెట్లు, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. తెల్లవారి తోటలోకి వెళ్ళిన రైతులు మాట రాక నిలబడిపోయారు. కాని ఆ రైతులే పడిన మానులను తొలగించి, అదే గుంతల పక్కన మళ్ళీ మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుందని వారికి తెలుసు. తెలిసే నాటారు. రోజూ నీళ్ళు పోశారు. “ఇంకా కాయలేదేం?” అని ఆ మొక్కను ఎవరూ తిట్టలేదు.

చెట్టుకు ఇచ్చిన గడువు బిడ్డకు ఇవ్వలేమా?

తెగిన చదువు మళ్ళీ అతుక్కుంటుందా అని అడిగిన ఆ తల్లిదండ్రులకు నా జవాబు ఇదే. అతుక్కుంటుంది. అతికిన చోట ముడి పడుతుంది, నిజమే. వల అల్లే మత్స్యకారుణ్ణి అడగండి, ముడుల వల్లనే వల నిలుస్తుందని చెబుతాడు.

అల్లాహ్ మన బిడ్డల జ్ఞానాన్ని వృద్ధి చేయుగాక! ఆగిపోయిన వారికి తిరిగి లేచే స్థైర్యాన్నీ, బోధించే వారికి మృదువైన మాటనూ ప్రసాదించుగాక! ఆమీన్.